చేసిన సేవ – ఇచ్చిన మాట

(పెన్షనర్ల దినోత్సవ సభలో ఒక సీనియర్ సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి డి.ఏ. బకాయిలు, మెడికల్ రీయింబర్సుమెంటు కాకుండా కాస్త వేరే విషయం మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. ఆ రెండూ మాట్లాడేవారు మనలో కొదవలేదు కాబట్టి సరేనన్నాను. నేను ఎన్నుకున్న విషయం వినగానే కొందరు ముఖముఖాలు చూసుకున్నారు. విదేశీయుడొకడు ఒక దేశపు గూఢచారి శాఖకు రహస్యంగా సాయం చేస్తే, ఆ దేశం అతడికి త్వరగా పౌరసత్వం ఇవ్వవచ్చునా, ఇవ్వడం న్యాయమేనా అన్నదే ఆ విషయం. మనకూ దీనికీ ఏమిటి సంబంధం అంటారేమో. చివరిదాకా వింటే సంబంధం మీకే తెలుస్తుంది.

ఈ రోజు మనం ఎందుకు కలుసుకున్నామో ముందు గుర్తు చేసుకుందాం. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షను అనేది యజమాని దయతలచి వేసే భిక్ష కాదనీ, చేసిన సేవకు ఉద్యోగి సంపాదించుకున్న హక్కు అనీ ఆ తీర్పు సారాంశం. 1979 మార్చి 31 అనే ఒక్క తేదీని గీతగా గీసి, దానికి ముందు రిటైరైనవారిని ఒక రకంగా, తరువాత రిటైరైనవారిని మరొక రకంగా చూడటం చెల్లదన్నది. మనకు ఆ హక్కు రావడానికి కారణం ఏమిటి? సర్వీసు రిజిస్టరు ఉంది. అపాయింట్‌మెంటు ఆర్డరు ఉంది. రూల్సు ఉన్నాయి. వీటన్నిటికీ మించి తలుపు తట్టడానికి ఒక కోర్టు ఉంది. ఈ నాలుగింటిలో ఒక్కటీ లేనివాడు ఒక ప్రభుత్వానికి ప్రాణాలొడ్డి సేవ చేస్తే అతడి గతి ఏమిటి? నేటి నా ప్రసంగం అంతా ఈ ప్రశ్న చుట్టూనే.

చట్టంలో ఏముంది?

అమెరికా చట్టం ఒకటి ఉదాహరణగా తీసుకుంటాను. అక్కడ సామాన్యంగా గ్రీన్ కార్డు వచ్చిన తరువాత అయిదేళ్లు కాపురముంటే గాని పౌరసత్వానికి అర్జీ పెట్టుకోవడానికి వీలులేదు. అమెరికా పౌరులను పెళ్లాడినవారికి మూడేళ్లు. ఇది అందరికీ వర్తించే రూలు.

1985 డిసెంబరులో అమెరికా కాంగ్రెసు తన గూఢచర్య శాఖల చట్టంలో భాగంగా ఒక చిన్న మినహాయింపు చేర్చింది. ఇది వలస, జాతీయతల చట్టంలో 316వ సెక్షనులో కనిపిస్తుంది. దేశ భద్రతకు గాని, గూఢచర్య కార్యకలాపాలకు గాని అసాధారణమైన సేవ చేసిన విదేశీయుడు అయిదేళ్లు ఆగనక్కరలేదు. ఒక్క ఏడాది ఎడతెగకుండా అమెరికాలో నివసిస్తే చాలు. మామూలుగా కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వం ఉన్నవారికి పౌరసత్వం ఇవ్వకూడదన్న నిషేధం కూడా ఇతనికి అడ్డురాదు. ఎందుకంటే ఆ రోజుల్లో రహస్యాలు తెచ్చి ఇవ్వగలిగినవారు ఎక్కువగా ఆ పార్టీ సభ్యులే!

మనం రూల్సు చదివి బతికినవాళ్లం కనుక ఈ మినహాయింపుకు వేసిన ముళ్ల కంచె కూడా చూద్దాం. మొదటిది: ఏడాదికి అయిదుగురికి మించి ఇవ్వరాదు. రెండవది: గూఢచారి శాఖాధిపతి ఒక్కడే నిర్ణయించడానికి లేదు. అటార్నీ జనరలు, వలసల శాఖాధిపతి కూడా కలిసి తేల్చాలి. మూడవది: అర్జీ దాఖలు చేయకముందే పార్లమెంటు ఉభయసభల్లోని సంబంధిత కమిటీలకు తెలియజేయాలి. నాలుగవది: ఇతరులను హింసించినవారికి, ఘోరనేరాలు చేసినవారికి, ఉగ్రవాదులకు ఈ దారి మూసివేశారు. అయిదవది: ప్రమాణ స్వీకారం దేశంలోని ఏ జిల్లా కోర్టులోనైనా, రహస్యం బయటపడని రీతిలో జరపవచ్చు.

దీనికంటే పాతది మరొకటి ఉంది. 1949 నాటి సి.ఐ.ఏ. చట్టంలో ఒక సెక్షను ప్రకారం, దేశ భద్రతకు అవసరమనుకుంటే ఏడాదికి 100 మందికి మించకుండా, కుటుంబ సభ్యులతో సహా, మామూలు వలస నిబంధనల అభ్యంతరాలను పక్కన పెట్టి శాశ్వత నివాసం ఇవ్వవచ్చు. అంటే 1949 చట్టం ఇంటి తలుపు తీస్తే, 1985 చట్టం ఇంట్లో మనిషిగా లెక్కవేస్తుందన్నమాట.

ఈ రూలు లేనప్పుడు ఏమి చేసేవారు?

1976 సెప్టెంబరు 6న విక్టర్ బెలెంకో అనే సోవియట్ పైలట్ మిగ్-25 విమానంతో సహా జపానులోని హకొడాటే విమానాశ్రయంలో దిగాడు. ఆ విమానం గురించి పాశ్చాత్య దేశాలు ఏళ్ల తరబడి గుండెలు బాదుకుంటున్నాయి. దాన్ని విప్పి చూస్తే వారు భయపడినంత గొప్పది కాదని తేలింది. అమెరికా అతనికి ఆశ్రయం ఇచ్చింది గాని, పౌరసత్వం ఇవ్వడానికి రూలు అడ్డువచ్చింది. చివరికి 1980లో అతని ఒక్కడి కోసం కాంగ్రెసు ప్రత్యేక చట్టం చేసింది. అధ్యక్షుడు కార్టర్ దానిపై సంతకం చేశాడు.

బెలెంకో సంగతి లోకమంతటికీ తెలుసు కాబట్టి ఫర్వాలేదు. కాని పేరు బయటపడితే చచ్చిపోయేవాడి సంగతేమిటి? అటువంటివాడి పేరు అచ్చువేసి, సభలో చదివి చట్టం చేస్తే, అది అతని శత్రువులకు విలాసం ఇచ్చినట్టే కదా! అందుచేత పేరు బయటికి రాకుండా పనిజరిగే సాధారణ రూలు ఒకటి ఉండటంలో అర్థముంది.

ఆ ప్రమాదం ఊహ కాదు. పోలెండు సైన్యంలో రిజర్డ్ కుక్లిన్‌స్కీ అనే కల్నల్ సుమారు తొమ్మిదేళ్లపాటు వార్సా కూటమి యుద్ధ పథకాలను వేల కొద్దీ పుటలుగా అమెరికాకు అందించాడు. 1981 నవంబరులో భార్యాబిడ్డలతో పారిపోయాడు. 1984లో పోలెండు సైనిక కోర్టు అతను లేకుండానే మరణశిక్ష వేసింది. కమ్యూనిస్టు ప్రభుత్వం పోయిన తరువాత కూడా అతని పేరు కడగడానికి 1997 దాకా పట్టింది. 1998లో మాత్రమే స్వదేశాన్ని చూడగలిగాడు. అప్పటికి అతని కొడుకులిద్దరూ అమెరికాలో చనిపోయారు. అటువంటి మనిషికి పౌరసత్వం బహుమతి అనుకోవడం పొరపాటు. ఉన్న దేశం పోయినవాడికి నిలబడటానికి ఇచ్చిన చోటు అది.

విభీషణుడి ప్రశ్న

ఇక్కడ మనవాళ్లకు ఒక అభ్యంతరం తోచక మానదు. సొంత దేశాన్ని దగా చేసినవాడికి మర్యాద ఏమిటి? మన సామెత ఉండనే ఉంది, ఇంటిగుట్టు లంకకు చేటు అని. విభీషణుడు ధర్మాత్ముడని పురాణం చెబుతున్నా, లోకం నోట అతని పేరు ఈ సామెతలో ఇరుక్కుపోయింది.

అయితే ఆ కథనే మరొక్కసారి చూడండి. విభీషణుడు సముద్రపుటొడ్డుకు వచ్చినప్పుడు సుగ్రీవుడు వద్దన్నాడు. శత్రువు తమ్ముడు, గూఢచారి కావచ్చునన్నాడు. అది తప్పు మాట కాదు. సేనానాయకుడు అడగవలసిన మాటే. హనుమంతుడు అతని మాటతీరు, వచ్చిన సమయం గమనించి నమ్మవచ్చునన్నాడు. అందరి అభిప్రాయాలు విన్న తరువాతనే రాముడు అభయమిచ్చాడు. ఇచ్చిన తరువాత మాత్రం వెనుకాడలేదు. యుద్ధం కాకముందే, సముద్రపుటొడ్డునే పట్టాభిషేకం చేయించాడు. లంక గుట్టు అంతా చెప్పు, గెలిచాక చూద్దాం అనలేదు.

నాకు ఇందులో రెండు సంగతులు కనిపిస్తాయి. విచారణ కఠినంగా ఉండాలి, అది ఒకరి చేతిలో ఉండకూడదు. విచారణ అయ్యాక మాట ఇస్తే, ఆ మాట ఏరు దాటేదాకా ఓడమల్లన్న, దాటాక బోడిమల్లన్న అన్నట్టు ఉండకూడదు. విభీషణుడు మంచివాడా చెడ్డవాడా అని లంకవాళ్లు తేల్చుకుంటారు. అతని సాయం తీసుకున్నవాడి ధర్మం మాత్రం వేరు.

వరుసలో నిలబడినవారి మాట

రెండో అభ్యంతరం మన ఇళ్లలోనే ఉంది. ఈ సభలో ఉన్నవారిలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతానికి మించకూడదన్న నిబంధన వల్ల మన పిల్లలు ఏళ్లకేళ్లు ఎదురుచూస్తున్నారు. నెలనెలా వీసా బులెటిన్లో తేదీ ఎంత కదిలిందో అని, మనం పంచాంగం చూసినట్టు చూస్తున్నారు. పన్నులు కట్టి, నిజాయితీగా పనిచేసి వరుసలో నిలబడినవాడికి పన్నెండు పదిహేనేళ్లు. గుట్టు చెప్పినవాడికి ఒక్క ఏడాదా అని అడగడం సహజమే.

ఈ కోపంలో న్యాయముంది గాని, గురి తప్పింది. పౌరసత్వం ఇవ్వడానికి అమెరికాలో కోటా లేదు. 2024 ఆర్థిక సంవత్సరంలో సుమారు 8 లక్షల మందికి పౌరసత్వం ఇచ్చారు. ఏడాదికి అయిదుగురు ముందు వెళ్లినందువల్ల మన పిల్లల వంతు ఒక్క రోజు కూడా వెనక్కి జరగదు. మన పిల్లల ఆలస్యానికి కారణం గ్రీన్ కార్డు దగ్గర ఉన్న ఏడు శాతం గీత. దాని మీద పోరాడవలసిందే. పక్కవాడికి దక్కినది తప్పు అనడం వల్ల మనకు దక్కేది ఏమీ లేదు. మన సంఘాల్లో కూడా ఒక కేటగిరీవారికి ఇంక్రిమెంటు వస్తే మరొక కేటగిరీవారు దాన్ని ఆపించడానికి తిరగడం చూశాం. ఫలితం ఎవరికి లాభించిందో మీకు తెలుసు.

అసలు ప్రమాదం ఎక్కడ?

నాకు నిజంగా బరువైనవిగా తోచే అభ్యంతరాలు వేరే ఉన్నాయి.

ఒకటి, చేతులు నెత్తురైనవాళ్లు ఈ దారిన దూరడం. ఒట్టో ఫాన్ బోల్ష్‌వింగ్ అనేవాడు నాజీల ఎస్.ఎస్. దళంలో అధికారి. యూదుల సంహారానికి సూత్రధారుల్లో ఒకడైన ఐక్‌మన్‌తో కలిసి పనిచేసినవాడు. యుద్ధం తరువాత సి.ఐ.ఏ. అతన్ని పనిలో పెట్టుకుంది. 1954లో అమెరికాకు చేర్చింది. 1959లో పౌరసత్వం కూడా వచ్చింది. ఇరవై ఏళ్లు దాటాక ప్రభుత్వమే అతనిపై కేసు వేసింది. 1981లో పౌరసత్వం వదులుకున్నాడు, మరుసటి ఏడు పోయాడు. అతని వల్ల నష్టపోయిన కుటుంబాలు అదే దేశంలో శరణార్థులుగా ఉన్నాయని గుర్తుంచుకోండి. హింసించినవారికి ఈ దారి లేదని 1985 చట్టంలో రాసిన మాట విలువ అప్పుడు తెలుస్తుంది. ఆ మాటకు మినహాయింపు అడిగే రోజు ఎప్పుడూ వస్తుంది. ఇవ్వకూడదు.

రెండు, బహుమతి ఎరగా మారడం. సేవ చేసినవాడికి పౌరసత్వం ఇవ్వడం వేరు. కాగితాలు లేక భయపడుతున్నవాడికి పౌరసత్వం చూపించి చెప్పించుకోవడం వేరు. 1994లో అమెరికా నేరస్థులపై, ఉగ్రవాదులపై సమాచారం ఇచ్చే విదేశీయుల కోసం 'ఎస్' వీసా పెట్టింది. ఇప్పటి పరిమితి ఏడాదికి నేరాల కేసుల్లో 200, ఉగ్రవాద కేసుల్లో 50. ఆ వీసా మీద ఉన్నవాడు మూడు నెలలకొకసారి హాజరు చెప్పుకోవాలి. పంపివేస్తామంటే ఎదురు వాదించే హక్కును చాలావరకు ముందే రాసి ఇచ్చేయాలి. 2001 సెప్టెంబరు దాడుల తరువాత, ఆ ఏడాది నవంబరులో, ఉగ్రవాదులపై సమాచారం తెచ్చినవారికి ఈ వీసాలు ఇస్తామని అటార్నీ జనరలు ఆష్‌క్రాఫ్ట్ బహిరంగంగా ప్రకటించాడు.

సమాచారం నిజమైతే మేలే. కాని పొట్టచేత పట్టుకుని వచ్చినవాడు, చెప్పడానికి ఏమీ లేకపోతే ఏం చేస్తాడు? పక్కింటివాడి గురించి ఏదో ఒకటి కల్పిస్తాడు. ఆశతో పాటు బెదిరింపు కూడా వస్తుంది. తమ మతస్థులపై నిఘా వేయమంటే ఒప్పుకోనందుకు ఎఫ్.బి.ఐ. తమను విమానం ఎక్కనివ్వని జాబితాలో చేర్చిందని కొందరు ముస్లిములు ఆరోపించి కేసు వేశారు. ఆ అధికారులపై నష్టపరిహారానికి దావా వేయవచ్చునని 2020 డిసెంబరులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఆరోపణ రుజువైందని కోర్టు అనలేదు, అడిగే హక్కు ఉందన్నది.

మూడు, సేవ పేరుతో వాడిన ఉపాయం ఇతరులకు హాని చేయడం. 2011 మే 2న ఒసామా బిన్ లాడెన్‌ను పాకిస్తానులోని అబోటాబాదులో అమెరికా కమాండోలు చంపారు. అంతకుముందు షకీల్ అఫ్రీదీ అనే పాకిస్తానీ డాక్టరు సి.ఐ.ఏ. తరఫున ఆ ఊళ్లో హెపటైటిస్-బి టీకాల కార్యక్రమం పేరుతో వివరాలు సేకరించే ప్రయత్నం చేశాడు. ఆ నెలలోనే అతన్ని పాకిస్తాను పట్టుకుంది. 2012లో గిరిజన ప్రాంతపు కోర్టు 33 ఏళ్ల శిక్ష వేసింది. కాగితం మీద రాసిన నేరం తీవ్రవాదులతో సంబంధాలు. అసలు కారణం ఏమిటో లోకం అనుకున్నదే. తరువాత దాన్ని 23 ఏళ్లకు తగ్గించారు. అతనికి అమెరికా పౌరసత్వం ఇవ్వాలని 2012లో అమెరికా ప్రతినిధుల సభలో బిల్లు పెట్టారు. అది చట్టం కాలేదు. అయినా జైలులో ఉన్నవాడికి పరదేశపు పౌరసత్వపు కాగితం ఏం చేస్తుంది?

ఆ ఉపాయం వల్ల ఎవరో తెలియని పసిపిల్లలు కూడా నష్టపోయారు. టీకాలంటే గూఢచర్యమన్న అనుమానం అక్కడి పల్లెల్లో ముదిరింది. పోలియో టీకాలు వేసే సిబ్బందిపై దాడులు జరిగాయి. టీకాల కార్యక్రమాలను ఇకపై గూఢచర్యానికి ముసుగుగా వాడబోమని 2014 మేలో అమెరికా ప్రభుత్వం రాసి ఇవ్వవలసి వచ్చింది. ఈ సభలో ఆరోగ్యశాఖలో పనిచేసి రిటైరైన అక్కచెల్లెళ్లు ఉన్నారు. ఇంటింటికీ తిరిగి తల్లులను ఒప్పించడం ఎంత కష్టమో, ఆ నమ్మకం ఒక్కసారి పోతే ఏమవుతుందో వారిని అడగండి.

లింకన్ గూఢచారి జీతం బాకీ

ఇప్పుడు మన అసలు ప్రశ్నకు వస్తున్నాను. త్వరగా పౌరసత్వం ఇచ్చారే అనుకుందాం. అంతటితో బాకీ తీరిపోయిందా?

1861 జూలైలో, అమెరికా అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, విలియం లాయిడ్ అనేవాడు అధ్యక్షుడు లింకన్‌తో ఒక ఒప్పందం చేసుకున్నాడు. దక్షిణాది రాష్ట్రాల్లోకి వెళ్లి సైన్యం ఎక్కడ ఎంత ఉందో, కోటలు ఎలా ఉన్నాయో తెలుసుకుని చెప్పాలి. జీతం నెలకు 200 డాలర్లు. యుద్ధం ముగిసేదాకా శత్రువుల మధ్యే ఉండి పనిచేశాడు. తిరిగివస్తే ఖర్చులు మాత్రం ఇచ్చారు. జీతం ఇవ్వలేదు. లింకన్ చనిపోయాడు, లాయిడ్ కూడా పోయాడు. అతని ఆస్తి వ్యవహారాలు చూసే టాటెన్ అనే ఆయన బకాయి కోసం దావా వేశాడు. 1876లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ఒప్పందం జరగలేదని కాదు. ఇలాంటి ఒప్పందం ఎప్పటికీ రహస్యంగా ఉండవలసినది కనుక, దాని మీద కోర్టుకు రావడమే ఒప్పందాన్ని భంగపరచడమన్నారు!

నూట ఇరవై తొమ్మిదేళ్ల తరువాత అదే కథ మళ్లీ వచ్చింది. తూర్పు కూటమికి చెందిన ఒక దేశపు ఉన్నత దౌత్యాధికారి, అతని భార్య అమెరికాకు వచ్చేస్తామన్నారు. ఇప్పుడే రాకండి, ఉన్నచోటనే ఉండి మాకు పనిచేసిపెట్టండి, జన్మంతా మీ పోషణ, రక్షణ మావి అని సి.ఐ.ఏ. మాట ఇచ్చిందని వారి వాదన. పని పూర్తయ్యాక అమెరికాకు వచ్చారు. కొత్త పేర్లు, పౌరసత్వం, ఏడాదికి కొంత భృతి దొరికాయి. ఆయనకు ఒక బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. జీతం 27,000 డాలర్లకు చేరగానే భృతి ఆపేశారు. 1997లో బ్యాంకులు విలీనమై ఉద్యోగం పోయింది. పాత పేరు చెప్పుకోలేడు, పాత అనుభవం చెప్పుకోలేడు. అలాంటివాడికి ఆ వయసులో వేరే ఉద్యోగం ఎవరిస్తారు? భృతి మళ్లీ ఇవ్వమని అడిగితే బడ్జెట్టు లేదని జవాబు వచ్చింది.

ఈ జవాబు వినగానే కొందరు నవ్వుతున్నారు. ఎక్కడో విన్నట్టుంది కదూ!

వారు మారుపేర్లతో కోర్టుకెక్కారు. కింది కోర్టుల్లో కొంత అనుకూలంగా వచ్చింది. 2005 మార్చి 2న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా, 1876 తీర్పే ఇప్పటికీ వర్తిస్తుందని చెప్పి దావా చెల్లదన్నారు. వారి మాట నిజమా అబద్ధమా అన్న విచారణ దాకా వ్యవహారం వెళ్లనేలేదు. అంటే అమెరికా పౌరులై ఉండి కూడా, ప్రభుత్వం తమకిచ్చిన మాట గురించి అడగడానికి వారికి కోర్టు లేదు. పౌరసత్వం వచ్చింది, పౌరుడి హక్కు రాలేదు.

సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసరు ఎక్కడ?

రహస్య సేవకే ఈ చిక్కు అనుకోకండి. బహిరంగంగా సాయం చేసినవారికీ ఉంది. ఆఫ్ఘనిస్తానులో అమెరికా సైన్యానికి దుబాసీలుగా, ఉద్యోగులుగా పనిచేసినవారి కోసం 2009లో ప్రత్యేక వలస వీసాల చట్టం వచ్చింది. అర్జీతో పాటు పనిచేసిన సంస్థ నుంచి ఉద్యోగ ధ్రువపత్రం, పై అధికారి నుంచి సిఫారసు ఉత్తరం జతపరచవలసి ఉండేది. చాలామంది కాంట్రాక్టు కంపెనీల కింద పనిచేశారు. కంపెనీ మూతపడింది. పై అధికారి బదిలీ అయి అమెరికా వెళ్లిపోయాడు, విలాసం లేదు. తొమ్మిది నెలల్లో తేల్చాలని చట్టం చెబితే ఏళ్లు పట్టింది. ఆలస్యం సహేతుకం కాదని 2019లో అక్కడి కోర్టు చెప్పింది. 2021 ఆగస్టు 15న కాబూలు తాలిబాన్ల వశమయ్యేనాటికి వేలమంది అర్జీలు ఇంకా పెండింగులోనే ఉన్నాయి.

పాత ఆఫీసులో సర్వీసు వెరిఫికేషను కోసం, మూతపడిన సంస్థ నుంచి చివరి జీతం సర్టిఫికెట్ కోసం మనలో ఎంతమంది తిరగలేదు? మన ఫైలు ఆలస్యమైతే పెన్షను ఆలస్యమవుతుంది. వారి ఫైలు ఆలస్యమైతే మనిషే ఉండడు. అంతే తేడా.

మన సంగతి

మన 1955 పౌరసత్వ చట్టంలో కూడా ఒక మినహాయింపు ఉంది. విజ్ఞానం, తత్వశాస్త్రం, కళ, సాహిత్యం, ప్రపంచశాంతి, మానవ ప్రగతి, వీటికి విశిష్ట సేవ చేసిన విదేశీయుడికి కేంద్ర ప్రభుత్వం మామూలు షరతులను సడలించవచ్చు. గూఢచర్యం మాట అందులో లేదు.

అయితే మనవాళ్ల సంగతి ఒకటి చెప్పాలి. రాజస్థానులో రైల్వే మెయిల్ సర్వీసు ఉద్యోగి ఒకాయన, తనను మన గూఢచారి శాఖ రహస్యపు పనిమీద పాకిస్తాను పంపిందని చెప్పాడు. 1976లో అక్కడ పట్టుబడ్డాడు. అతను పాకిస్తాను జైల్లో ఉండగా, 1980లో ఇక్కడ పోస్టల్ శాఖ విధులకు హాజరు కాలేదని ఉద్యోగం నుంచి తీసేసింది. 1989లో ఇంటికి చేరాడు. తరువాత ముప్పయ్యేళ్లకు పైగా కోర్టుల చుట్టూ తిరిగాడు. అతనితో తమకేమీ సంబంధం లేదని ప్రభుత్వం అన్నది. 2022 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, ఎవరిదీ బాధ్యత అని తేల్చకుండానే, పది లక్షల రూపాయలు ఇవ్వమని ఆదేశించింది. అప్పటికి ఆయనకు డెబ్భై అయిదేళ్లు. ఆయన మనలాంటి ఉద్యోగే. ఆయనకు పౌరసత్వం కొత్తగా ఇవ్వనక్కరలేదు, పుట్టుకతోనే ఉంది. కావలసింది పెన్షను. ఆ కోర్టు అమెరికా కోర్టులా తలుపు మూయలేదు. అందుకు సంతోషించాలి. తీర్పు వచ్చిన వయసు చూసి బాధపడాలి.

నా అభిప్రాయం

ఇంతసేపు చెప్పినదాన్ని క్లుప్తపరుస్తాను. అసాధారణమైన సాయం చేసి, అందువల్ల స్వదేశంలో బతకడానికి వీలులేకుండా పోయిన విదేశీయుడికి త్వరగా పౌరసత్వం ఇవ్వడం న్యాయమేనని నా అభిప్రాయం. దానికి కొన్ని షరతులు ఉండాలి.

రూలు రాతపూర్వకంగా ఉండాలి. అధికారి దయ మీద ఉండకూడదు. సంఖ్య తక్కువగా ఉండాలి. ఒక శాఖే అడిగి, అదే శాఖ మంజూరు చేసుకోకూడదు. జరిగిన సేవకు ఇవ్వాలి గాని, చెప్పించుకోవడానికి ఎరగా చూపకూడదు. హింసించినవాడికి ఎంత గొప్ప రహస్యం తెచ్చినా ఇవ్వకూడదు. భార్యాబిడ్డలను అదే ఉత్తర్వులో చేర్చాలి. ఇవన్నీ 1949, 1985 చట్టాల్లో చాలావరకు ఉన్నాయి.

లేనిది ఒక్కటే. ఇచ్చిన మాట తప్పితే అడగడానికి చోటు. బహిరంగ కోర్టు కుదరకపోతే, తలుపులు మూసుకుని వినే ట్రైబ్యునల్ ఉండవచ్చు. బ్రిటనులో గూఢచారి శాఖలపై ఫిర్యాదులు వినడానికి 2000 నాటి చట్టం కింద అటువంటి ట్రైబ్యునల్ పనిచేస్తూనే ఉంది. రహస్యం బయటపడి ఆ దేశం మునిగిపోలేదు. రహస్యం కాపాడటానికి న్యాయం చంపనక్కరలేదని దీనివల్ల తెలుస్తోంది.

మనం నకారా తీర్పు రోజును పండుగ చేసుకుంటున్నాం. ఆ తీర్పు మనకు డబ్బు ఒక్కటే ఇవ్వలేదు. సేవ చేయించుకున్న ప్రభుత్వం సేవకుడికి జవాబుదారీ అని చెప్పింది. ఆ సూత్రం ట్రెజరీలో పి.పి.ఓ. నంబరు ఉన్నవారికి మాత్రమే వర్తించేది అయితే, అది సూత్రం కాదు, మన అదృష్టం. పేరు చెప్పుకోలేనివాడికి, సర్వీసు రిజిస్టరు లేనివాడికి, పరాయి దేశంలో పుట్టినవాడికి కూడా వర్తించాలని కోరినప్పుడే మన హక్కుకు కూడా బలం.

మీలో గూఢచారులు ఎవరూ లేరనే అనుకుంటున్నాను. ఉన్నా చెప్పరు గదా!  లైఫ్ సర్టిఫికెట్ ఇంకా ఇవ్వనివారు భోజనాల తరువాత కార్యదర్శిగారి బల్ల దగ్గరకు రావలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.